ఎనభై డాలర్ల ఆట

2025 జూన్ నెలలో ఒక శనివారం సాయంకాలం మన సంఘ సభ్యులొకరి ఇంట్లో సత్యనారాయణ వ్రతం జరిగింది. ప్రసాదమూ, పులిహోరా, గోంగూర పచ్చడీ అన్నీ సవ్యంగా అమిరాయి. పెద్దలందరమూ హాల్లో చేరి ఎవరి ఆసుపత్రి గొడవలు వారు, ఎవరి ఆఫీసు గొడవలు వారు చెప్పుకుంటున్నాము. పిల్లలు మాత్రం ఒక్కరూ కంటికి కనబడలేదు. అందరూ కింద బేస్‌మెంట్‌లో టీవీ ముందు ఉన్నారు. ఆ ఇంటి అబ్బాయికి ఆ వారమే కొత్తగా నింటెండో స్విచ్ 2 వచ్చింది. నలుగురు ఆడుతుంటే ఎనిమిదిమంది అరుస్తున్నారు.

భోజనాల దగ్గర ఆ ఆట వెల ఎంతని ఎవరో అడిగారు.

"ఎనభై డాలర్లండీ" అన్నారు ఆ ఇంటాయన, కాస్త సిగ్గుపడుతూనే.

"మెషీనుకా?"

"మెషీను నాలుగువందల యాభై. ఎనభై ఆ ఒక్క ఆటకే. మారియో కార్ట్ వరల్డ్ అని."

ఒక్క క్షణం విస్తళ్ళ చప్పుడు కూడా ఆగింది. తరువాత గగ్గోలు బయలుదేరింది. "ఏడువేల రూపాయలండీ బాబూ!" అన్నవారు పద్దెనిమిదేళ్ళుగా ఈ దేశంలో స్థిరపడి, రెండో ఇల్లు కూడా కొన్నవారు. చింత చచ్చినా పులుపు చావదన్నట్టు, ఎన్నేళ్ళు గడిచినా ప్రతిదాన్నీ రూపాయల్లోకి మార్చి చూసుకునే అలవాటు మనకు పోదు. మాకూ పోలేదు. ఏడువేలంటే మేము మెడికల్ కాలేజీ హాస్టల్లో ఉన్న రోజుల్లో నాలుగైదు నెలల మెస్ బిల్లు.

తిరిగి వస్తుంటే కారు వెనక సీటులోనుంచి మా పదేళ్ళవాడు లెక్క చెప్పడం మొదలుపెట్టాడు. మెషీను 449.99, మిషిగన్‌లో అమ్మకపు పన్ను నూటికి ఆరు చొప్పున 27 డాలర్లు, ఆట 79.99, దాని పన్ను 4.80. తన స్టీలు డబ్బాలో పుట్టినరోజు డబ్బు 62 డాలర్లు ఉంది. మిగతాది గిన్నెలు కడిగే యంత్రంలో సర్ది, ఆకులు ఊడ్చి, మంచు ఎత్తి ఎన్ని నెలల్లో తీర్చగలడో కూడా చెప్పాడు. బ్యాంకు అప్పు కోసం మేము రాసిన దరఖాస్తుల్లో కూడా అంత వివరం లేదు.

మేము ససేమిరా అన్నాము. అంతటితో ఊరుకున్నామా, మా చిన్నతనం ఎత్తుకున్నాము.

1990ల చివర గుంటూరులో మా ఇంట్లో "టీవీ గేము" ఉండేది. దానికి పసుపురంగు క్యాసెట్. దానిమీద 9999 ఆటలని అచ్చువేసి ఉండేది. తీరా పెడితే పది పన్నెండు ఆటలే, వాటి పేర్లే తిరిగి తిరిగి వచ్చేవి. కాంట్రా, మారియో, టాంకుల ఆట. క్యాసెట్ పనిచేయకపోతే బయటికి తీసి నోటితో ఊది మళ్ళీ పెట్టేవాళ్ళం. వేసవి సెలవుల్లో ఆ క్యాసెట్ మా ఇంటినుంచి పిన్ని వాళ్ళింటికీ, అక్కడినుంచి తెనాలికీ వెళ్ళి, రెండేళ్ళ తరువాత వెనక స్కెచ్ పెన్నుతో నలుగురి పేర్లు రాయించుకుని తిరిగివచ్చింది. అది ఇప్పటికీ మా గుంటూరు ఇంటి అటకమీద ఉంది. రెండువందల రూపాయల క్యాసెట్టుతో ముగ్గురు అన్నదమ్ముల పిల్లలు పెరిగారని మావాడికి చెప్పాము. వాడు మర్యాదగా విన్నాడు.

నిజం చెప్పుకోవాలంటే ఆ టీవీ గేము అసలు నింటెండో వారిది కాదు, నకలు సరుకు. ఆ సంగతి మాకు ఈ దేశం వచ్చాకే తెలిసింది. కాలేజీ రోజుల్లో నెట్ సెంటర్లో గంటకు పదిహేను రూపాయలిచ్చి ఆడిన ఆటలకు కూడా ఎవరూ కంపెనీకి కానీ కట్టి ఉండరు. దొంగ సరుకుతో పెరిగినవాళ్ళం అసలు సరుకు వెలను చూసి గుండెలు బాదుకోవడంలో కొంచెం హాస్యం ఉందని ఒప్పుకోవాలి.

ఆనాటి గగ్గోలులో ఒక్కరు మాత్రం నవ్వుతూ కూర్చున్నారు. 1980లలో ఇక్కడికి వచ్చి, కార్ల కంపెనీలో ఇంజనీరుగా చేసి రిటైరైన పెద్దాయన. "మీకంతా కొత్తగా ఉంది గానీ, 1997 క్రిస్మస్‌కు మా అమ్మాయికి నింటెండో 64 క్యాసెట్ డెబ్భై డాలర్లు పెట్టి కొన్నానయ్యా" అన్నారు. ఆ అమ్మాయికి ఇప్పుడు ఇద్దరు పిల్లలు.

ఆ మాట మమ్మల్ని పట్టుకుంది. ఆటల వ్యాపారం మా విద్య కాదు గానీ, రోగి చెప్పిన చరిత్రను సరిచూసుకోవడం మా వృత్తిలో అలవాటు. చూస్తే పెద్దాయన మాట నిజమే. 1996లో నింటెండో 64 ఈ దేశంలో విడుదలైనప్పుడు మెషీను దాదాపు 200 డాలర్లు, సూపర్ మారియో 64 ఆట 60 డాలర్లు. తరువాత వచ్చినవాటిలో 70, 80 పలికినవి కూడా ఉన్నాయి. ఇక్కడి ధరల సూచిక ప్రకారం 1996 నాటి 60 డాలర్లు 2025లో 120 పైమాటే. అంటే రొట్టె, అద్దె, పెట్రోలు పెరిగినట్టు ఆట వెల పెరిగి ఉంటే ఎనభైకి కాదు, నూట ఇరవైకి గగ్గోలు పెట్టవలసింది.

అప్పుడంత వెల ఎందుకంటే, ఆ క్యాసెట్ ఉత్త ప్లాస్టిక్ పెట్టె కాదు. అందులో మెమరీ చిప్పులు ఉండేవి. ఆట పెద్దదైనకొద్దీ చిప్పు ఖరీదు పెరిగేది. తయారై రావడానికి వారాలు పట్టేది. ఎన్ని అమ్ముడుపోతాయో ముందే ఊహించి ఆర్డరు పెట్టాలి. ఊహ తప్పితే గోదాములో సరుకు మిగిలిపోతుంది. 1995లో ఈ దేశానికి వచ్చిన సోనీ ప్లేస్టేషన్ ఆటలు సీడీ మీద వచ్చేవి. సీడీకి అయ్యే ఖర్చు చాలా తక్కువ. అందుకే అవి 40, 50 డాలర్లకే దొరికాయి. అప్పటిదాకా నింటెండోతో ఉన్న జపాను కంపెనీ స్క్వేర్, 1997లో తన ఫైనల్ ఫాంటసీ 7ను ప్లేస్టేషన్‌కు తీసుకుపోవడానికి ఈ సీడీయే పెద్ద కారణం.

ఆ తరువాత 2005లో ఎక్స్‌బాక్స్ 360 వచ్చినప్పటినుంచి పెద్ద ఆటకు 60 డాలర్లన్నది కట్టుబాటులా స్థిరపడింది. పదిహేనేళ్ళు కదల్లేదు. 2020లో కొత్త మెషీన్లతో 70 అయింది. 2025లో 80. ఈ పదిహేనేళ్ళ కట్టుబాటే చిక్కంతా తెచ్చిందని మాకనిపిస్తుంది. 2005లో పదేళ్ళున్నవాడు 2020కి పాతికేళ్ళవాడయ్యాడు. వాడి బుద్ధి తెలిసినప్పటినుంచీ ఆటంటే 60 డాలర్లు. సూర్యుడు తూర్పున ఉదయించినట్టు అది వాడికి ప్రకృతి నియమం. దాన్ని తప్పించినవాడు వాడి దృష్టిలో దొంగే.

కంపెనీవారి ఖర్చు సంగతి కూడా ఒక మాట. 2023లో మైక్రోసాఫ్ట్ మీద ఫెడరల్ ట్రేడ్ కమిషన్ వేసిన కేసులో సోనీ వారి కాగితాలు కోర్టుకు వచ్చాయి. రహస్యమైన అంకెలను మార్కర్ పెన్నుతో నల్లగా కొట్టివేశారు. స్కాన్ చేసేసరికి నలుపు కిందనుంచి అంకెలు పైకి కనబడ్డాయి. మా ఆసుపత్రుల్లో రోగుల రికార్డులను అలా కొట్టివేస్తే ఏమయ్యేదో తలుచుకుంటేనే భయం. ఆ విధంగా 2020 నాటి ది లాస్ట్ ఆఫ్ అస్ రెండో భాగానికి దాదాపు 22 కోట్ల డాలర్లు ఖర్చయిందని లోకానికి తెలిసింది. ఆ ఆట వెల 60 డాలర్లు.

అయితే ఎనభై న్యాయమేనా అంటే, అంత తేలిగ్గా ఒప్పుకోలేము. 1997లో చిప్పుకు ఇచ్చిన డబ్బు ఇప్పుడు దేనికిస్తున్నాము? చాలా ఆటలు తీగమీదుగా దిగుమతి అవుతాయి. కంపెనీకి ఒక కాపీ అదనంగా ఇవ్వడానికి అయ్యేది దాదాపు శూన్యం. పైగా ఆట కొన్నాక లోపల మళ్ళీ అంగడి. 2006లో ఆబ్లివియన్ అనే ఆటలో గుర్రానికి కవచం రెండున్నర డాలర్లకు అమ్మితే ఆడేవాళ్ళంతా పడీపడీ నవ్వారు. ఆ గుర్రమే తరువాత ఊళ్ళేలింది. గుర్రాలకూ మనుషులకూ బట్టలు, తుపాకులకు రంగులు, నాట్యానికి భంగిమలు, అన్నిటికీ విడివిడిగా వెల వచ్చింది.

ఇంకొకటి. మందుల సంగతి మనకు తెలుసు. పేటెంటు తీరితే జెనెరిక్ వస్తుంది, వెల పడుతుంది. ఆట మెషీన్లూ అలాగే ఉండేవి. ప్లేస్టేషన్ 2 మెషీను 2000లో 299 డాలర్లు, 2009కి 99. ఓపిక ఉన్నవాడికి లాభం. 2025లో ఇది తలకిందులైంది. అయిదేళ్ళ పాతదైన ప్లేస్టేషన్ 5 ఆగస్టులో 500 నుంచి 550కి పెరిగింది. ఎక్స్‌బాక్స్ సిరీస్ ఎక్స్ మే నెలలో ఒకసారి, అక్టోబరులో మరొకసారి పెరిగి, 500 డాలర్లది 650 అయింది. ఎనిమిదేళ్ళ కిందటి మొదటి స్విచ్ కూడా ఆగస్టులో పైకే పోయింది. వాడినకొద్దీ విలువ పెరగడం పాత వీణకు విన్నాము గానీ ప్లాస్టిక్ పెట్టెకు వినలేదు.

ఇక ఆడేవాళ్ళు ఏం చేశారన్నది చూద్దాం. ఇందులోనే మాకు ఎక్కువ ఆసక్తి కలిగింది.

2025 ఏప్రిల్ 2న నింటెండో తన కొత్త మెషీను వివరాలు, వెలలు ప్రకటించింది. ఆ సాయంకాలమే అమెరికా అధ్యక్షుడు దిగుమతి సుంకాల చిట్టా చదివారు. నింటెండో ఏప్రిల్ 9న మొదలుపెడతానన్న ముందస్తు అమ్మకాలను ఇక్కడ ఆపి, 24న మొదలుపెట్టింది. మెషీను వెలా, ఆట వెలా మార్చలేదు గానీ పక్క సామాన్ల వెల పెంచింది. మధ్యలో నింటెండో వారు కొత్త ఆటలు చూపిస్తూ ప్రత్యక్ష ప్రసారం చేస్తే, చూస్తున్నవాళ్ళు వరసగా "ధర తగ్గించండి" అనే మాటే గుప్పించారు. మే నెలలో గేర్‌బాక్స్ కంపెనీ అధిపతి రాండీ పిచ్‌ఫర్డ్ నిప్పులో నెయ్యి పోశారు. నిజమైన అభిమాని అయితే ఎలాగోలా డబ్బు సమకూర్చుకుంటాడన్నారు. తాను 1991లో ఐస్‌క్రీమ్ దుకాణంలో కనీస వేతనానికి పనిచేస్తూ స్టార్‌ఫ్లైట్ అనే ఆటను 80 డాలర్లకు కొన్నానని దృష్టాంతం కూడా చెప్పారు. అభిమానమంటే ఏమిటో కొలిచి చెప్పినవాణ్ణి అభిమానులు క్షమించరు. తెలుగు సినిమా తెలిసిన మనకు అది వేరే చెప్పనక్కరలేదు. చివరికి ఆయనగారి బోర్డర్‌లాండ్స్ 4 సెప్టెంబరులో 70కే వచ్చింది.

మరి జూన్ 5న స్విచ్ 2 అంగళ్ళకు వచ్చేసరికి ఏమయింది? నాలుగు రోజుల్లో 35 లక్షల మెషీన్లు అమ్ముడుపోయాయి. నింటెండో చరిత్రలో అంత వేగంగా ఏదీ పోలేదు. అరిచినవాళ్ళూ కొన్నవాళ్ళూ వేరువేరా, ఒకరేనా అన్నది పైకి చెప్పడం కష్టం. కానీ ఇక్కడ ఒక కిటుకు ఉంది. మెషీను ఒక్కటీ 450. మెషీనూ మారియో కార్ట్ ఆటా కలిపిన పెట్టె 500. అంటే కలిపి కొంటే ఆ ఆట పడింది యాభైకే. వ్రతం చేసుకున్న ఆ ఇంటాయనను తరువాత ఫోనులో అడిగితే, ఆయన కొన్నది ఆ పెట్టే. ఎనభై అని సిగ్గుపడి, మాచేత మాటలు పడి, నిజానికి ఇచ్చింది యాభై! ఇది మాకు కొత్త కాదు. ఆసుపత్రిలో జాబితా ధర ఒకటి, ఇన్సూరెన్సు కట్టేది ఒకటి, రోగి చేతినుంచి పోయేది ఇంకొకటి. పెద్ద అంకెను గోడమీద వేలాడదీసేది పక్కన ఉన్నది చవకగా కనబడడానికే.

మైక్రోసాఫ్ట్ కథ మరోలా నడిచింది. వాళ్ళూ పండుగల నాటికి కొన్ని ఆటలు 80 చేస్తామన్నారు. జూన్‌లో ది ఔటర్ వరల్డ్స్ 2కు ఆ వెల కట్టారు. జూలైకల్లా వెనక్కు తగ్గి 70 చేసి, ముందే కట్టినవాళ్ళ డబ్బు వాపసు ఏర్పాటు చేశారు. మారియో లేనివాడికి మారియో వెల చెల్లదని దాని అర్థం. అక్టోబరు 1న నెలచందా గేమ్ పాస్ అల్టిమేట్‌ను ఒక్కసారిగా 20 నుంచి 30 డాలర్లు చేస్తే, చందా మానుకునేవాళ్ళ తాకిడికి ఆ ఏర్పాటే కాసేపు కుప్పకూలింది.

అదే ఏడాది ఫ్రాన్సులో మోంపెల్యే నగరంలోని ఒక కొత్త సంస్థ ఎక్స్‌పెడిషన్ 33 అనే ఆటను 50 డాలర్లకు ఇస్తే మూడు రోజుల్లో పదిలక్షలు పోయింది. ఆస్ట్రేలియాలో పిడికెడు మంది ఏళ్ళతరబడి చేసిన హాలో నైట్ సిల్క్‌సాంగ్ సెప్టెంబరు 4న 20 డాలర్లకు వచ్చిననాడు జనం ఒక్కుమ్మడిగా ఎగబడి అంగళ్ళు స్తంభించాయి. డబ్బు ఇవ్వడం వీళ్ళకు ఇష్టం లేక కాదు. తమను లెక్కకట్టి ఆడిస్తున్నారన్న అనుమానమే వాళ్ళను మండిస్తుంది.

ఇంతవరకూ లోకం సంగతి. ఇక మా ఇంటి సంగతి చెప్పకపోతే ఈ వ్యాసానికి అర్థం లేదు.

డిసెంబరు చివర ఏడాది జమాఖర్చులు చూసుకుంటుంటే క్రెడిట్ కార్డు కాగితాల్లో ఒకే పేరు మాటిమాటికీ కనబడింది. 4.99, 7.99, 9.99. అది మావాడు ట్యాబ్లెట్ మీద ఆడే ఆట. ఉచితం. ఎనభై డాలర్ల ఆట వద్దన్ననాడు "నీకు ఊరికే వచ్చే ఆట ఉందిగా" అని మేమే గొప్పగా చెప్పినది. కూడి చూశాము. పన్ను కాక 41 సార్లు, 312 డాలర్ల 59 సెంట్లు.

ఎవరూ మోసం చేయలేదు. దొంగతనమూ జరగలేదు. మావాడు కొనాలనుకున్నప్పుడల్లా మాలో ఒకరి ఫోనుకు అనుమతి కోరుతూ కబురు వస్తుంది. మేము సరే అని వేలితో నొక్కాలి. 41 సార్లూ మేమే నొక్కాము. ఒక్కటీ గుర్తులేదు. వార్డులో రౌండ్స్ చేస్తూ, లిఫ్టు కోసం నిలబడి, ఫోనులో రోగి బంధువుతో మాట్లాడుతూ నొక్కి ఉంటాము.

రోగి జ్వరం పట్టికను చదివినట్టు ఆ తేదీలను మా డ్యూటీ పట్టికతో సరిచూశాము. మేమిద్దరమూ వైద్యులము. ఒకరు రాత్రి డ్యూటీలో ఉంటే మరొకరు ఇంట్లో ఉండేలా ఏర్పాటు చేసుకున్నాము. 41లో 29 మాలో ఒకరు రాత్రి ఆసుపత్రిలో ఉన్న రోజులవి. ప్రతిసారీ వాడు ఇంట్లో ఉన్నవారిని అడగలేదు. ఆసుపత్రిలో ఉన్నవారినే అడిగాడు. ఎవరు సరే అంటారో, ఎప్పుడంటారో పదేళ్ళవాడికి మాకంటే బాగా తెలుసు.

కేకలు వేయలేదు. కూర్చోబెట్టి ఏం కొన్నావని అడిగాము. ఆటలోని తన బొమ్మకు బట్టలు, ఒక టోపీ, ఒక నాట్యం. ఎందుకంటే స్కూలు పిల్లలు ముగ్గురితో కలిసి ఆడతాడు. ఉచితంగా వచ్చే బట్టలతో తిరిగేవాణ్ణి చూసి మిగతావాళ్ళు నవ్వుతారట. మొదటి ఏడాది రెసిడెన్సీలో మంచులో వేసుకోవడానికి సరైన కోటు లేక మేము పడ్డ సిగ్గు మాకు గుర్తొచ్చింది గానీ వాడికి చెప్పలేదు. ఆ బట్టలు ఇప్పుడేవీ అంటే, "నవంబరులో వాళ్ళు ముగ్గురూ వేరే ఆటకు మారిపోయారు. నేనూ మానేశాను" అన్నాడు. వాడి చెల్లెలికి ఇవ్వచ్చా అంటే ఇవ్వడానికి కుదరదు. అమ్మడానికీ కుదరదు. అటకమీద పెట్టడానికి వస్తువంటూ ఏదీ లేదు.

కాసేపు ఆగి, "అయితే ఎనభైదే చవక కదా" అన్నాడు.

మా దగ్గర జవాబు లేకపోయింది. మారియో కార్ట్ కొని ఉంటే, మెషీనును పక్కన పెడితే, 80 దగ్గర లెక్క ఆగేది. బేస్‌మెంట్‌లో నలుగురు పిల్లలు పక్కపక్కన కూర్చుని అరుచుకునేవాళ్ళు. పైనున్న మాకు ఆ అరుపులు వినబడేవి. దాన్ని వద్దని, ఒంటరిగా గదిలో కూర్చుని చేసే ఖర్చుకు మూడొందల చిల్లర తెలియకుండా కట్టాము. ఎనభై ఒక్కసారి కంట్లో పడింది కాబట్టి కోపం వచ్చింది. ఎనిమిది నలభైసార్లు పోతే కోపం రావడానికి సందే దొరకలేదు.

ఇటువంటి చిన్న మొత్తాల సంగతి ప్రభుత్వానికి తెలియక కాదు. 2022 డిసెంబరులో ఫోర్ట్‌నైట్ తయారుచేసే ఎపిక్ గేమ్స్, ఫెడరల్ ట్రేడ్ కమిషన్‌తో రాజీలో, కొనాలనుకోకుండానే కొనేలా చేశారన్న ఆరోపణ మీద 24 కోట్ల 50 లక్షల డాలర్లు వాపసుకు ఒప్పుకుంది. మేము చెప్పినది ఆ ఆట కాదు. మా విషయంలో అడిగారు, మేము సరేనన్నాము. పిల్లలు ఆటకు బానిసలు కావడం గురించి వైద్యులుగా ఏమైనా రాయమని మిత్రులు అంటుంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ వ్యాధుల పట్టికలో ఆటల వ్యాధి 2022 నుంచి అమలులో ఉన్న మాట నిజమే. మావాడికి అదేమీ లేదు. వాడికి ఉన్నది స్నేహితులు కావాలన్న కోరిక.

ఆ తరువాత మేము చేసినది చెప్పి ముగిస్తాము. అనుమతులన్నీ ఆ రోజు ఇంట్లో ఉన్నవారి ఫోనుకు మాత్రమే వచ్చేటట్టు మార్చాము. నెలకింత అని కాగితం మీద రాసి ఫ్రిజ్‌కు అంటించాము. కొత్త మెషీను కొనలేదు. జనవరిలో ఒక మిత్రుడి దగ్గర మొదటి స్విచ్ పాతది తీసుకున్నాము. మా ఊరి పబ్లిక్ లైబ్రరీలో పుస్తకాలతోపాటు ఆటల క్యాసెట్లు కూడా కార్డు మీద ఇస్తారు. ఆరేళ్ళుగా ఆ లైబ్రరీకి వెళ్తూ ఆ అర వంక ఎన్నడూ చూడలేదు. పాత మారియో కార్ట్ అక్కడ దొరికింది. దానికోసం వారాలతరబడి వరసలో ఉండాలి. మావాడు ఉన్నాడు.

లైబ్రరీలో ఆ అరను చూశాకే మరొక ఆలోచన వచ్చింది. మన శనివారపు తెలుగు తరగతి జరిగే గదిలో పుస్తకాల బీరువా ఉంది. కింది అర ఖాళీ. ఒక్కొక్క ఇంట్లో ఆడేసి పక్కన పడేసిన క్యాసెట్లు, డిస్కులు ఎన్నో ఉంటాయి. వాటిని అక్కడ పెట్టి, నోటుబుక్కులో పేరు రాసి, రెండేసి వారాలు ఒకరివి ఒకరు తీసుకుంటే పిల్లలకు కొత్తా, మనకు ఆదా. సంఘ కార్యవర్గం ఒప్పుకుంది.

అయితే ఇప్పుడు కొత్తవి కొనేవారు ఒకటి చూసుకోవాలి. స్విచ్ 2 ఆటల్లో కొన్నిటికి పెట్టెలో ఉండే క్యాసెట్టులో ఆట ఉండదు. తాళంచెవి మాత్రమే ఉంటుంది, ఆటను విడిగా దించుకోవాలి. పెట్టె ముందువైపు అడుగున ఆ సంగతి రాసి ఉంటుంది. అలాంటిది అరువివ్వవచ్చు గానీ, కంపెనీవారు తమ అంగడి మూసిననాడు ఆ చెవికి తాళం ఉండదు. ఇక పూర్తిగా తీగమీద కొన్న ఆటయితే సాధారణంగా ఇంకొకరికి ఇవ్వడమంటూ ఉండదు. "కొనండి" అని రాసి అద్దెలాంటి హక్కు అంటగట్టేటప్పుడు ఆ సంగతి స్పష్టంగా చెప్పి తీరాలని కాలిఫోర్నియాలో 2025 జనవరి 1 నుంచి చట్టం ఉంది. చెబితే చాలునంది చట్టం. వస్తువు ఇమ్మనలేదు.

అరకు ఇప్పటికి 14 ఆటలు వచ్చాయి. మావాడు మూడు ఇచ్చాడు. ఇచ్చేముందు వెనకవైపు స్కెచ్ పెన్నుతో తెలుగులో పేరు రాయాలన్నాడు. గుంటూరు క్యాసెట్ కథ మర్యాదకోసమే విన్నాడనుకున్నాము. పొల్లు తప్పు పడింది, దిద్దలేదు.

తెచ్చేవారు వచ్చే శనివారం తరగతి మొదలయ్యే ముందు తెచ్చి ఇవ్వగలరు. గీతలు పడ్డ డిస్కులు వద్దు. తుపాకుల ఆటలు పెద్దపిల్లల తల్లిదండ్రుల చేతికే ఇస్తాము. మన రిటైర్డ్ ఇంజనీరుగారు తమ నింటెండో 64ను, ఆ డెబ్భై డాలర్ల క్యాసెట్టునూ తెస్తామని మాట ఇచ్చారు. కానీ దాన్ని తగిలించడానికి పసుపు, ఎరుపు, తెలుపు రంధ్రాలున్న పాత టీవీ కావాలి. అది ఎవరి బేస్‌మెంట్‌లోనైనా పడి ఉంటే దయచేసి పారేయవద్దు. మాకు ఫోను చేయండి. ఇద్దరు మనుషులమూ, వ్యానూ వస్తాము.